డిక్కీలో ఎవరిదో పానా మిగిలిపోయింది (గుత్తి – ప్యాపిలి మధ్య)

బురుజు పక్కిల్లు · మార్చి 24, రాత్రి 9:40

కాస్త పొడుగు పోస్టు. తొందరున్నవాళ్ళు చివరి పేరా చదివితే చాలు, నాకు కావాల్సింది అక్కడుంది.

ఉగాదికి బెంగళూరు నుంచి కర్నూలు బయల్దేరాం. నేను, నా భార్య, ఆరేళ్ళ పాప, అమ్మ. పొద్దున ఆరింటికి అనుకుని ఎనిమిదిన్నరకు కదిలాం, మా ఇంట్లో ఎప్పుడూ అంతే. గుత్తి కోట వెనక్కి పోయింది, ప్యాపిలి ఇంకా రాలేదు. టైము ఒంటిగంటన్నర. వెనక ఎడమ టైరు ఢామ్మని పేలింది. స్పీడు తొంభై లోపే కాబట్టి బండి ఊగినా పట్టుకోగలిగాను. రోడ్డు పక్క మట్టిలోకి దించి చూస్తే టైరు పక్క భాగం జానెడు చీలిపోయి ఉంది.

స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కంపెనీ ఇచ్చిన పానా ఉంది. యూట్యూబులో పదిసార్లు చూసిన పని. అయినా మొదటి నట్టే కదల్లేదు. గత నెల టైర్లు మార్పించినప్పుడు షాపులో గాలి గన్నుతో బిగించిన బిగింపు అది. పానా మీద ఎక్కి నిలబడ్డాను. పానా జారింది, నట్టు అంచులు అరిగాయి, నా మోకాలు గీరుకుపోయింది. ఈలోపు జాకీ పెట్టి చూద్దామంటే అది మట్టిలోకి దిగబడుతోంది. బీమాతో పాటు వచ్చిన రోడ్డు సాయం నంబరుకు ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. 1033 అనే హైవే సాయం నంబరు ఒకటుందని ఆ టెన్షన్‌లో గుర్తే రాలేదు.

అప్పుడు గొర్రెల మంద వెనక ఒకాయన వచ్చాడు. తలకు తువ్వాలు, భుజాన గొంగడి. ఏమీ అడగలేదు. జాకీ వంక చూశాడు, నా వంక చూశాడు, వెళ్ళిపోయాడు. "చూడు, కనీసం ఏమైందని కూడా అడగలేదు" అంది నా భార్య. పది నిమిషాల్లో ఆయన ఒక నాపరాయి బండ నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాడు. "మట్టిలో దిగబడ్తాది సామీ, దీని మీద పెట్టు జాకీ" అన్నాడు. తర్వాత నట్టు చూసి, జేబులోంచి చిన్న ఫోను తీసి ఎవరికో చేశాడు. "ఒరే, మీ మామనడిగి పెద్ద పానా తీస్కరా. పైపు గూడా."

అమ్మ కారు దిగనంటుంది. బయట ఎండ, లోపల అంతకన్నా ఉడుకు. "అవ్వా, బండి లేపేటప్పుడు లోపల ఎవురూ ఉండగూడదు. చెట్టు కిందికి రా" అని ఆయన వేపచెట్టు కింద గొంగడి పరిచాడు. మా అమ్మ పరాయి ఇంట్లో చాప మీద కూర్చోవడానికి కూడా వంద ఆలోచించే మనిషి. ఆ గొంగడి మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఎన్ని గొర్రెలు, ఎన్ని ఈనినాయి, పిల్లలు ఎన్ని నిలిచినాయి అని ముప్పావుగంట మాట్లాడింది. మా పాపకు ఒక పిల్లను ఎత్తుకోనిచ్చారు. పాపకు టైరు పేలిన సంగతి ఇప్పుడు గుర్తు లేదు, గొర్రెపిల్ల చెవులు గుర్తున్నాయి.

ఎక్సెల్ మోపెడ్ మీద ఒక కుర్రాడొచ్చాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ప్లస్ పానా నట్టుకు తగిలించి, దాని కాలికి రెండడుగుల ఇనప పైపు తొడిగి, పైపు చివర పట్టుకుని మెల్లగా ఒరిగాడు. కిర్రుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

అంతా అయ్యాక ఐదొందలు తీశాను. కుర్రాడు వెనక్కి జరిగాడు. "పైపు అంగట్లోది, పానా మా మామది, బండ దేవునిది. నేను దేనికి తీసుకోవాల సార్ దుడ్లు?" అన్నాడు. పెద్దాయన అప్పటికే మంద వెనక పోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఊరు నుంచి తిరిగొచ్చాక నిన్న కొత్త టైరు వేయించడానికి డిక్కీ ఖాళీ చేస్తే, స్టెప్నీ గుంతలో ఆ ప్లస్ పానా ఉంది. చేతులు కడుక్కునే హడావిడిలో నేనే లోపలేసినట్టున్నాను. పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, తిరిగిచ్చేయాలి.

పదహారు చక్రాలు · మార్చి 24, రాత్రి 10:25

నేను ముప్పై ఏళ్ళు లారీ తోలి ఇప్పుడు నంద్యాలలో ఖాళీగా ఉన్నా. పానా ఫోటో పెట్టు తమ్ముడూ. మేం ఒకరి సామాను ఒకరికి కలవకుండా రంగు పూసుకునేవాళ్ళం. రంగు ఉంటే పట్టుకోవచ్చు.

రెండు మాటలు చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఒకటి, నట్టు వదులు చేయాల్సింది చక్రం నేల మీద ఉన్నప్పుడే. లేపినాక తిప్పితే చక్రమే తిరుగుతుంది, జాకీ పక్కకు ఒరుగుతుంది. రెండు, టైర్ల షాపులో గన్ను వాడినాక, చివరి బిగింపు చేత్తో బిగించమని అడుగు. మొహం మాడ్చుకుంటారు, అయినా అడుగు. ఇంటికొచ్చి నీ కారులో ఉన్న పానాతో ఒక్కసారి నువ్వే విప్పి చూసుకో. అక్కడ తిరిగితేనే రోడ్డు మీద తిరుగుతుంది.

బురుజు పక్కిల్లు · మార్చి 24, రాత్రి 10:51

నేల మీద ఉండగానే మొదలుపెట్టానన్నా, అంత అమాయకుణ్ణి కాదు 😀 జాకీ తర్వాత సంగతి.

ఫోటో జత చేశాను. నాలుగు కాళ్ళలో ఒకదానికి ఎర్ర రంగు, చాలావరకు పోయింది. ఇంకో కాలు కొంచెం వంకర.

మైదుకూరు పసుపు · మార్చి 25, ఉదయం 7:15

మీ అమ్మగారి గొంగడి చదివి నాది గుర్తొచ్చింది.

ఆరేళ్ళ కిందట కడప నుంచి రాయచోటికి ఒక్కదాన్నే పోతున్నా, చెల్లెలి సీమంతం. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే కాలిన వాసన. ముందు పోతున్న లారీది అనుకున్నా. నాదే. క్లచ్ పోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. వెనక లారీలవాళ్ళు దిగి, ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి ఆపి, నలుగురూ కలిసి మెల్లగా వెనక్కి జరిపి వెడల్పు ఉన్న చోట నిలబెట్టారు. ఘాటులో వాళ్ళూ ఎక్కువసేపు ఆగలేరు, పోయారు. మా అన్న ప్రొద్దుటూరు నుంచి రావాలి. సాయంత్రం నాలుగు. నగలున్నాయి బ్యాగులో. అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నా, ఎవరైనా దగ్గరికొస్తే గుండె దడ.

ఒకామె వచ్చి అద్దం తట్టింది. పైన కోవా అంగడి ఆమెదట. కిందికి దిగుతూ చూసిందట, మళ్ళీ ఎక్కుతూ చూసినా నేను అక్కడే ఉన్నానట. తలుపు తీయమని అడగలేదు. "నువ్వు తీయొద్దులే మ్మా, నేనీడనే ఉంటా" అని కారు ముందు గోడ మీద కూర్చుంది. కాసేపటికి నాకే సిగ్గేసి లోపలికి పిలిచా. మా అన్న వచ్చేసరికి ఏడు దాటింది. మూడు గంటలు! నా పెళ్ళి సంగతి, ఆమె కోడలి సంగతి, పాలు ఎంతసేపు కాగితే కోవా ఏ రంగు తిరుగుతుంది, అన్నీ అయిపోయాయి.

అన్న వచ్చాక ఆమె అంగడికి పోయి కిలో కోవా కొన్నాం. దానికి డబ్బు లెక్కగా తీసుకుంది, చిల్లర కూడా లెక్కబెట్టి ఇచ్చింది. కూర్చున్నదానికి ఏమన్నా ఇవ్వబోతే "ఏందిమ్మా, నేనేమన్నా కూలికొచ్చినానా" అంది. ఆ మాటకు మా అన్న జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

రెండోవైపు · మార్చి 25, ఉదయం 9:02

అందరూ మంచి కథలే చెప్తున్నారు కాబట్టి చెడ్డపేరు నేను తీసుకుంటా.

నాలుగేళ్ళ కిందట రాత్రి పదింటప్పుడు (చోటు చెప్పను, అక్కడివాళ్ళు బాధపడతారు) బైకు మీద ఇద్దరు పక్కన వచ్చి, వెనక టైరు వైపు చెయ్యి చూపించి "గాలి లేదు, గాలి లేదు" అని అరిచారు. ఆపాను. ఒకడు నాతో పాటు వంగి టైరు చూస్తున్నాడు. టైరు బాగానే ఉంది. లేచి చూస్తే ముందు సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు లేదు, రెండోవాడూ లేడు. ఆ తర్వాత రాత్రిపూట ఎవరు చెయ్యెత్తినా ఆపడం లేదు. నన్ను రాక్షసుడనుకోండి.

ఇంకోటి. జమ్మలమడుగు దగ్గర వానలో కారు పొలం దారిలో ఇరుక్కుంటే ట్రాక్టరుతో లాగినాయన పదిహేనొందలు తీసుకున్నాడు. పది నిమిషాల పని. ఇది కూడా సాయమేనా?

నల్లరేగడి · మార్చి 25, మధ్యాహ్నం 1:30

అన్నా, ఆ ట్రాక్టరాయన నేను కాదుగానీ, నాలాంటోడే. మాది కోయిలకుంట్ల దగ్గర. వానొచ్చిన మరుసటి రోజు కనీసం ఒక కారైనా మా చేను గట్టున దిగబడి ఉంటుంది. మ్యాపు చూపించిందని అడ్డదారిలో వస్తారు. రేగడి మట్టి ఎండినప్పుడు సిమెంటు, తడిస్తే సబ్బు. చక్రం తిరిగేకొద్దీ మట్టి చుట్టుకుని టైరు గుండ్రటి ముద్ద అవుతుంది, ఇంక పట్టు ఎక్కడిది?

మీకది పది నిమిషాలు. నాకు ట్రాక్టరు ఇంటి నుంచి రావాలి, గొలుసు కట్టాలి, బంపరు ఊడొస్తే నామీద పడతారు. మీ కార్లకు లాగే కొక్కెం మరలాగా డిక్కీలో విడిగా పెట్టిస్తారు, నూటికి తొంభైమందికి అది ఎక్కడుందో తెలియదు, అది వెతకడానికే అరగంట. ఈమధ్యలో నా చేనులో రెండు గుంతలు. డీజిలుకు ఐదొందలు తీసుకుంటా. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఆస్పత్రి అంటే తీసుకోను. పదిహేనొందలు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ తీసుకున్నంత మాత్రాన సాయం కాకుండా పోతుందా? డాక్టరు ఫీజు తీసుకోడా?

రెండోవైపు · మార్చి 25, మధ్యాహ్నం 2:10

ఆ కొక్కెం సంగతి ఇప్పుడే పోయి చూశాను. స్టెప్నీ కింద ఉంది. తొమ్మిదేళ్ళ నుంచి ఉంది.

పదహారు చక్రాలు · మార్చి 25, మధ్యాహ్నం 3:45

@రెండోవైపు, రాత్రి ఆపకపోవడం తప్పు కాదు. మేమూ ఎక్కడబడితే అక్కడ ఆపేవాళ్ళం కాదు. కానీ నిలిచిపోయిన బండి కనపడితే వచ్చే టోల్‌గేటులో ఒక్క మాట చెప్పు, లేదా 1033కి ఫోన్ చెయ్యి. మన దారిలో అమకతాడు, కాసేపల్లి, అనంతపురం దాటితే మరూరు, అన్నీ టోల్‌గేట్లే. ఏ ఊరు దాటినాక, ఏ వైపు పోయే రోడ్డు, పక్కన రాయి మీద ఎన్ని కిలోమీటర్లు రాసుంది, ఈ మూడు చెప్తే వాళ్ళ బండి వెతుక్కోకుండా వస్తుంది.

మా రోజుల్లో ఫోన్లు లేవు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో యాక్సిల్ విరిగి రెండు రాత్రులు ఉన్నా. ఓనరుకు కబురు కూడా గిద్దలూరు పోయే ఇంకో లారీ డ్రైవరే తీసుకుపోయాడు. ఆ రెండు రోజుల్లో అటు పోయే బండి, ఇటు పోయే బండి, స్లో చేసి "ఏమన్నా కావాల్నా" అని అడగకుండా పోయినవి తక్కువ. ఒకరు బియ్యం ఇచ్చినారు, ఒకరు కిరసనాయిలు. ఒక తమిళాయన దిగి, నాతో పాటు వంట చేసి, తిని, గిన్నెలు కడిగి పోయినాడు. ఒకరి మాట ఒకరికి రాదు. ఇప్పుడు ఎవురూ అడగరు. చెడ్డోళ్ళయి కాదు, చేతిలో ఫోనుంది కదా, వాళ్ళే ఎవరినో పిలుచుకునుంటారులే అనుకుంటారు.

ఒక్కటి మాత్రం అప్పుడూ ఇప్పుడూ తప్పే. బండి వెనక అడ్డం పెట్టిన రాళ్ళు పని అయినాక రోడ్డు మీదే వదిలేసి పోవడం. చీకట్లో బైకువాడు వాటికి కొట్టుకుని పోయినాడంటే ఆ పాపం ఎవరిది? కొమ్మలు విరిచి పెట్టండి, త్రికోణం బోర్డు ఉంటే ఇంకా మేలు, పోయేటప్పుడు అన్నీ తీసేయండి.

బురుజు పక్కిల్లు · మార్చి 25, సాయంత్రం 6:20

అయ్యో, నాపరాయి! అది ఏమయిందో నాకు తెలియదు. నేను తీయలేదు. రోడ్డు మీద కాదు, మట్టిలోనే ఉంది, అయినా...

కొత్తకారు · మార్చి 25, రాత్రి 8:00

నా బండిలో స్టెప్నీయే లేదు. చిన్న పంపు, ఒక బాటిలు జిగురు ఇచ్చారు. షోరూములో ఇదే కొత్త పద్ధతి అన్నారు. ఇలా పక్కభాగం చీలితే ఏం చేయాలి?

గాలిమరలు · మార్చి 25, రాత్రి 8:35

2020లోనే రూల్స్ మార్చారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, రిపేరు కిట్టు, ఈ మూడూ ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది. పక్కభాగం చీలితే పనికిరాదు, క్రేను పిలవాల్సిందే. మన రోడ్ల మీద తిరిగేవాళ్ళు డబ్బులు పోసైనా ఒక స్టెప్నీ కొని పెట్టుకోండి.

సరే, నా కథ. సాయం తిరగబడిన కథ.

చాలా ఏళ్ళ కిందట మే నెలలో కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వస్తున్నా. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపాను. ఐదు నిమిషాల్లో ఒక జీపు ఆగింది. దిగినాయన చేతిలో నీళ్ళ క్యాను, మెడలో తువ్వాలు. చాలా ఉత్సాహం మనిషి. "ఏం గాదు అన్నా, ఇట్లాంటివి ఎన్ని చూల్లేదు" అంటూనే తువ్వాలు మడిచి రేడియేటర్ మూత మీద వేసి తిప్పాడు. నేను వద్దు అనే లోపు అయిపోయింది. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి వల్ల లోపలి నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైందా, ఒక్కసారిగా అంతా ఆవిరై పైకి లేస్తుంది. మోచెయ్యి దాకా కాలింది పాపం.

నా కారు అక్కడే వదిలేసి, ఆయన జీపులో ఆయన్నే కూర్చోబెట్టి, నేను తోలుకుంటూ అనంతపురం ఆస్పత్రికి. దారి పొడుగునా చెయ్యి గాల్లో పట్టుకుని, నొప్పికి పళ్ళు కొరుకుతూ, "నీ బండికి థర్మోస్టాట్ పోయింటాదన్నా, చూపిచ్చుకో" అని నాకే సలహాలు. (నిజంగా అదే పోయింది!) కట్టు కట్టించి, మందులు కొని, వాళ్ళ ఊర్లో దింపి, బస్సులో నా కారు దగ్గరికి వచ్చేసరికి రాత్రి. వాళ్ళావిడ నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. నేను వాళ్ళాయన చెయ్యి కాలడానికి కారణమైనవాణ్ణి, నాకు!

ఇప్పటికీ ప్రతి సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. మొదటి ప్రశ్న నా బాగోగులు కాదు, "బండి ఉడుకుతాందా?"

తెలియనివాళ్ళ కోసం: ఏసీ ఆపి, హీటరు ఫుల్లుగా పెడితే ఇంజను వేడి కొంత లాగేస్తుంది. ఆపాక కనీసం అరగంట మూత జోలికి పోకండి. ఎవరైనా ఉత్సాహంగా వచ్చినా పోనివ్వకండి.

వాయిదా పడింది · మార్చి 26, ఉదయం 10:10

బండి చెడిపోవడం వేరు, ప్రమాదం వేరు కాబట్టి ఒక ముక్క. దెబ్బలు తగిలినవాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ చాలామంది భయం. సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఇచ్చిన తీర్పుతో, సాయం చేసినవాళ్ళను కాపాడే మార్గదర్శకాలకు బలం వచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షను చేర్చారు, 2020లో రూల్సు వచ్చాయి. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. ఆస్పత్రి వాళ్ళు డబ్బు కట్టమని మిమ్మల్ని అడగకూడదు. సాక్షిగా ఉంటారా లేదా మీ ఇష్టం. సకాలంలో చేర్చి ప్రాణం కాపాడినవాళ్ళకు కేంద్రం 2021లో ఐదు వేలు అని మొదలుపెట్టి తర్వాత పాతిక వేలు చేసింది. నా దగ్గరికొచ్చే పల్లెటూరి కక్షిదారుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చాలామంది తెలియకుండానే, భయపడుతూనే ఎత్తుకెళ్తున్నారు.

తుగ్గలి వజ్రం · మార్చి 26, మధ్యాహ్నం 12:40

లాయరు గారి తర్వాత కొంచెం నవ్వుదాం.

తొలకరి వానలు పడగానే మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారని మీకు తెలిసిందే. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకుని తింటూ వంగి వెతుకుతుంటారు. ఒక జూన్‌లో మా బావ కొత్త కారు చూపించడానికి వచ్చి, చెప్పినా వినకుండా చేను దారిలో దింపాడు. దిగబడింది. చుట్టూ చేలల్లో వంగి ఉన్న ముప్పై మంది ఒకేసారి నడుములు పైకెత్తి చూశారు. ఆ దృశ్యం మర్చిపోలేను.

పదిహేనుమంది దాకా వచ్చి నూకారు. ఒక ముసలావిడ నూకలేదు, పక్కన నిలబడి చక్రాల వంకే చూస్తోంది. బండి గట్టెక్కింది. బావ బాటిల్ తీసి టైర్లు కడగబోయాడు. ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. "కడగొద్దు నాయనా కడగొద్దు, ఉండు" అని చతికిలబడి, నాలుగు టైర్ల బురద పుల్లతో గీకి గీకి కొంగులో పోసుకుని, అరచేతిలో నలిపి చూసింది. అరగంట. బావ ఏసీ వేసుకుని లోపల కూర్చున్నాడు.

ఏమీ దొరకలేదు. "నీ అదృష్టం అంతే అబ్బీ" అని బావనే అనేసి పోయింది.

మైదుకూరు పసుపు · మార్చి 26, మధ్యాహ్నం 1:05

దొరికుంటే ఎవరిదో? లాయరు గారూ?

వాయిదా పడింది · మార్చి 26, మధ్యాహ్నం 1:20

చేను యజమాని, కారు యజమాని, కొంగు యజమాని, ముగ్గురూ వకాలతు తీసుకుని రమ్మనండి. పదేళ్ళు నాకు తిండికి లోటుండదు.

ప్యాపిలి బస్టాండ్ · మార్చి 27, రాత్రి 9:15

@బురుజు పక్కిల్లు, ఆలస్యంగా చూసినా. మాది ప్యాపిలే. పానా వంకర కాలు పట్టుకుంటే లోపల నట్టు పట్టే చోట చిన్న పగులు ఉందా? దానికి వెల్డింగు పెట్టినట్టు?

బురుజు పక్కిల్లు · మార్చి 27, రాత్రి 9:22

ఉంది!! ఇప్పుడే లైటు వేసి చూశాను.

ప్యాపిలి బస్టాండ్ · మార్చి 27, రాత్రి 9:40

అయితే నాకు తెల్సు. హైవే పక్క పంక్చరు అంగడి. ఆ పానా మా లారీ చక్రానికి వాడినప్పుడే వంకర పోయింది, వెల్డింగు డబ్బులు నేనే ఇచ్చినా. పిల్లోడు ఆయన మేనల్లుడు. గొర్రెలాయన పిల్లోని నాయన.

బండ సంగతి కూడా చెప్తా. మీరు ఆగిన చోటికి కొంచెం లోపల ఒక ఆంజనేయస్వామి కట్ట ఉంది. కాళ్ళు కడుక్కునే చోట పరిచిన బండల్లో ఒకటి ఊడి ఉంటుంది. ఎవరి బండి నిలిచినా అదే తెస్తారు, మళ్ళీ పెట్టేస్తారు. బండ దేవునిది అని పిల్లోడు ఊరికే అనలేదు.

నిర్వాహకుడు · మార్చి 27, రాత్రి 9:58

బాగుంది. కానీ పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి.

నల్లరేగడి · మార్చి 28, ఉదయం 6:30

పానా ఒక్కటే ఇచ్చి రావద్దన్నా. అట్లని డబ్బులూ ఇవ్వొద్దు, వద్దన్నాక మళ్ళీ ఇస్తే తిట్టినట్టు ఉంటుంది.

బురుజు పక్కిల్లు · మార్చి 28, ఉదయం 8:10

అమ్మ కూడా ఇదే మాట అంది. ఓళిగలు (బొబ్బట్లు) చేస్తానంటోంది. వచ్చే నెల అమ్మను తీసుకురావడానికి పోతున్నా, తిరుగు ప్రయాణంలో ఆగుతాం.

మైదుకూరు పసుపు · మార్చి 28, ఉదయం 8:30

కర్నూలోళ్ళు భక్ష్యాలు అనరా?

బురుజు పక్కిల్లు · మార్చి 28, ఉదయం 8:34

అమ్మ పుట్టిల్లు గుంతకల్లు. ఆ గొడవ మా ఇంట్లో నలభై ఏళ్ళ నుంచి ఉంది, ఇక్కడ మొదలుపెట్టకండి.

బురుజు పక్కిల్లు · ఏప్రిల్ 13, రాత్రి 11:20

ఇప్పుడే బెంగళూరు చేరాం. అడిగినవాళ్ళందరి కోసం రాస్తున్నా.

అంగడి దొరికింది. మామ నలభై ఐదేళ్ళ మనిషి, చేతులు మోచేతుల దాకా నలుపు. నేను కారు దిగి పానా చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నా మొహం చూడలేదు, పానా చూశాడు. అటు తిరిగి లోపలికి అరిచాడు. "ఒరే, రారా బయటికి! వచ్చిందిరా!"

కుర్రాడు వచ్చాడు. నన్ను చూడగానే మామ మీద విరుచుకుపడ్డాడు. "చెప్తి కదా మామా, చెప్తి కదా! కారాయప్ప దగ్గరుంటాదని చెప్తి కదా!" సంగతేమిటంటే, నాలుగు వారాల నుంచి ఆ పానా అమ్ముకుని సినిమాకు పోయినాడని కుర్రాణ్ణి ఇంటిల్లిపాదీ ఎత్తిపొడుస్తున్నారట. అంగట్లో కొత్త పానా కూడా వచ్చేసింది. నేను క్షమాపణ చెప్పబోతే కుర్రాడు "మీరు చెప్పొద్దు సార్, ఆయప్ప నాకు చెప్పాల" అన్నాడు. మామ పానా తిప్పి తిప్పి చూస్తూ వినపడనట్టు నటించాడు.

పెద్దాయన మంద దగ్గరున్నాడట, కలవలేదు. అమ్మకు అది లోటుగానే ఉంది. ఈనినాయా లేదా అని కుర్రాణ్ణి అడిగి లెక్క తేల్చుకుంది. రెండు ఈనినాయి, ఒకటి నిలవలేదు.

బయల్దేరబోతుంటే మామ మా ముందు చక్రం తన్నాడు. "గాలేంది సార్ ఇట్లుంది?" అని నాలుగింటికీ గాలి పట్టాడు. ఇరవై రూపాయలు అడిగి తీసుకున్నాడు. @నల్లరేగడి, నువ్వే గుర్తొచ్చావు.

డబ్బా ఖాళీగా పంపకూడదని మామ భార్య ఓళిగలు తీసుకుని, డబ్బా కడిగి, నిండా వేయించిన బుడ్డలు (వేరుశెనక్కాయలు) పోసిచ్చింది. దారి పొడుగునా తింటూ వచ్చాం, డోర్లలో అంతా పొట్టు.

ఇంటికొచ్చి డబ్బా సర్దుతుంటే నా భార్య పిలిచింది. డబ్బా మాదే. మూత మాది కాదు.